చిక్కుడుకాయల లెక్క

(ఆదివారం పొద్దున పదకొండు. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. శారద హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ముందు ఒక చేట, ఒక ఖాళీ పళ్ళెం. బళ్ళో లెక్కలు చెప్పి కిందటేడే రిటైరయింది. మూర్తి బ్యాంకులో చేసి అంతకు ఏడాది ముందే ఇంటిపట్టున పడ్డాడు. పై ఫ్లాటు కల్నల్ గారి చలవ వల్ల ఆర్నెల్లుగా గోల్ఫ్ పట్టుకుంది. తలుపు తోసుకుని వస్తాడు. మొహం కందగడ్డలా ఉంది.)

శారద: అక్కడే ఆగండి. చాప మీద కాలు పెట్టకండి.

మూర్తి: ఏం, ఏమైంది?

శారద: ప్యాంటు చూసుకోండి. మోకాళ్ళ దాకా ఉత్తరేణి గింజలు. మీరు వెళ్ళింది గోల్ఫుకా, వినాయక చవితికి పత్రి కోసుకురావడానికా?

మూర్తి: (కిందికి చూసుకుని) సాక్సులో గరిక కూడా ఉన్నట్టుంది. అదలా ఉంచు గానీ, ఇవాళ ఒక హోల్లో ఏడు కొట్టానే!

శారద: ఏడంటే మంచిదా?

మూర్తి: దాని పార్ నాలుగు. ఆట బాగా వచ్చినవాడు నాలుగు దెబ్బల్లో బంతిని గుంటలో వెయ్యాలి. నేను ఏడింట్లో వేశాను. ట్రిపుల్ బోగీ అంటారు.

శారద: మూడు బోగీలా? ఇంజనెక్కడ?

మూర్తి: వేళాకోళం వద్దు. నాలాంటి కొత్తవాడికి ఏడు గొప్పే.

శారద: అయితే ఆ ఏడూ ఎలా కొట్టారో మొదట్నించీ చెప్పండి. గడప మీద కూర్చుని, ఆ గింజలు పీక్కుంటూ చెప్పండి.

మూర్తి: (అనుమానంగా) నువ్వు ఎప్పుడూ వినవుగా?

శారద: ఖాళీ లేనిది చేతికే. చెవి ఖాళీగానే ఉంది.

మూర్తి: (ఉత్సాహంగా) పొద్దున ఆరింటికి మొదలెట్టాం. గోల్కొండ నయా ఖిల్లా గోడ మీద అప్పుడే ఎండ పడుతోంది. ఎక్కడో నెమలి అరుస్తోంది. సంచీలోంచి డ్రైవర్ తీశాను.

శారద: మనకు డ్రైవరెక్కడివాడు?

మూర్తి: అన్నిట్లోకీ పొడుగు కర్రని డ్రైవర్ అంటారు. సంచీలో పద్నాలుగు కర్రల దాకా ఉండొచ్చు. పదిహేనోది ఉండకూడదు, రూలు.

శారద: పద్నాలుగా! నేను ముప్పై నాలుగేళ్ళ సంసారం ఒక అట్లకాడతో, రెండు గరిటెలతో నెట్టుకొచ్చాను. సరే, తీశారు. తర్వాత?

మూర్తి: నిలబడ్డాను. ఊపిరి పీల్చాను. ఊపాను. బంతి అక్కడే ఉంది.

శారద: అంటే తగల్లేదు.

మూర్తి: తగల్లేదు అనకూడదు. దాన్ని ప్రాక్టీసు ఊపు అనుకోవచ్చు. 1971లో ఆలన్ షెపర్డ్ చంద్రుడి మీద గోల్ఫ్ బంతి కొట్టాడు, తెలుసా? ఆయనకీ మొదట సరిగ్గా తగల్లేదు. మట్టి లేచింది.

శారద: అక్కడ గాలి లేదు కాబట్టి మట్టి కొట్టాడు. మీరు గాలిని కొట్టారు. ఇంతకీ మీరు ఊపింది బంతిని కొడదామనేనా?

మూర్తి: కొడదామనే.

శారద: కొడదామని ఊపితే రూలేమిటి?

మూర్తి: (ఉత్తరేణి గింజ ఒకటి దీక్షగా పీకుతూ) తగిలినా తగలకపోయినా లెక్కకొస్తుందిట. కానీ కల్నల్ గారు అప్పుడు అటు తిరిగి టోపీ సర్దుకుంటున్నారు.

(శారద చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి పళ్ళెంలో వేస్తుంది. మూర్తి చూడడు.)

శారద: ఊఁ.

మూర్తి: రెండోసారి తగిలింది చూడు! నేరుగా లేచి, మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు కుడికి తిరిగి పొదల్లోకి పోయింది. స్లైస్ అంటారు. తగిలేటప్పటికి కర్ర మొహం కాస్త తెరుచుకుని ఉంటే బంతి గిర్రున పక్కవాటుగా తిరుగుతుంది. నాకు అలవాటైన రోగమే. కేడీ అప్పటికీ చెప్తూనే ఉన్నాడు.

శారద: కేడీలతో తిరుగుతున్నారా? పోలీస్ స్టేషన్లో ఫొటోలుండేవాళ్ళు కదండీ వాళ్ళు!

మూర్తి: సంచీ మోసి సలహా చెప్పే కుర్రాడే! ఆట నాకంటే వాడికే బాగా వచ్చు. "నజర్ నీచే రఖో సాబ్, జోర్ నక్కో" అంటాడు పాపం. తల ఎత్తకు, బలం వాడకు. ఈ ఆటలో మొదటి పాఠం అదే.

శారద: తల వంచుకుని మీ పని మీరు చూసుకోండని నేను ఎన్నేళ్ళుగా చెప్తున్నాను? నాకెవరూ డబ్బులివ్వలేదు. (ఇంకో కాయ పళ్ళెంలో పడుతుంది.) పొదల్లో బంతి దొరికిందా?

మూర్తి: వెతకడానికి మూడు నిమిషాలే గడువు. పూర్వం ఐదుండేది, 2019 నుంచి తగ్గించారు. అందుకే ఒళ్ళు చూసుకోకుండా దూరాను. దొరికింది.

శారద: కళ్ళజోడు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నన్నే వెతకమంటారు. ఇక నించి మూడు నిమిషాలే. తర్వాత కొట్టారా?

మూర్తి: కొట్టాను. ఎదురుగా వేపచెట్టు. మాను మీద టంగున తగిలి, నా పక్క నుంచే వెనక్కి పోయింది. మళ్ళీ కొడితే అప్పటికి బయటపడింది, పచ్చిక మధ్యలోకి.

(రెండు కాయలు.)

శారద: మళ్ళీ అంటే ఒకసారేనా?

మూర్తి: ఒకసారే, నీ తోడు.

శారద: నా తోడు ఎందుకు? మీ తోడే పెట్టుకోండి.

మూర్తి: ఇప్పుడు విను, అసలు సంగతి. కేడీ సెవెన్ ఐరన్ అనే కర్ర చేతికిచ్చాడు. ఐరన్‌తో తమాషా ఏమిటంటే, బంతి పైకి లేవాలంటే కిందికి కొట్టాలి. ఎత్తుదామని కిందనించి చెంచాతో తీసినట్టు తీస్తే లేవదు. ఆర్నెల్లుగా ఎత్తుతూనే ఉన్నాను. ఇవాళ ఎందుకో ఆ యావ లేదు. ఊరికే కిందికి కొట్టాను. టక్... అంతే. చేతికేమీ తెలియలేదు శారదా! తగిలినట్టే లేదు. తలెత్తి చూస్తే ఆకాశంలో చిన్న తెల్లచుక్క. అలా పోతూనే ఉంది.

(శారద చేతులు ఒక్క క్షణం ఆగుతాయి.)

శారద: దోసె దానంతటదే పెనం వదిలినట్టు.

మూర్తి: ఆఁ! అదే! సరిగ్గా అదే!

శారద: అది రోజూ రాదండీ. పిండి కుదరాలి, పెనం కాగాలి, మన ధ్యాస ఎక్కడో ఉండాలి. చూస్తూ కూర్చుంటే అంటుకుంటుంది. (కాయ వేస్తుంది.) తర్వాత?

మూర్తి: నేను కల్నల్ గారి వైపు తిరిగి, అదిగో అని చూపిస్తున్నాను. అంతలో బంకర్‌లో పడింది.

శారద: అదేమిటి?

మూర్తి: ఇసక గొయ్యి. కావాలని తవ్వి పెడతారు.

శారద: మున్సిపాలిటీ వాళ్ళు తవ్వితే పేపరుకి ఉత్తరాలు రాస్తారు. ఇక్కడ డబ్బు కట్టి పడతారు. బయటికెలా వచ్చారు?

మూర్తి: ఇసకలో బంతిని కొట్టకూడదే, బంతి వెనక ఇసకని కొట్టాలి. ఇసకే దాన్ని ఎత్తి బయట పడేస్తుంది. మొదటిసారి ఇసక బయటికొచ్చింది, బంతి రాలేదు. రెండోసారి బంతి అంచు దాకా పాకి, మనసు మార్చుకుని నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. మూడోసారి...

శారద: వచ్చింది.

మూర్తి: గ్రీన్ మీదికి! కల్నల్ గారు చప్పట్లు కూడా కొట్టారు.

(మూడు కాయలు. టప్, టప్, టప్. మూర్తి ఇప్పుడు పళ్ళెం వైపు చూస్తాడు గానీ ఏమీ అనడు.)

శారద: గ్రీన్ అంటే ఆ నున్నటి పచ్చికేగా? ఇంక అక్కడ కష్టమేముంది, దొర్లించడమేగా?

మూర్తి: దొర్లించడమేనా! చూడు, ఇప్పుడే చూపిస్తాను. (ప్యాంటు గింజలతోనే లేచి పట్టర్, అంటే బంతిని దొర్లించే కర్ర, తీస్తాడు.) గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఆ పాలగిన్నె ఇలా ఇయ్యి, పక్కకి పడుకోబెడదాం. గోడ దగ్గర అది, ఇక్కడ నేను. ఎనిమిదడుగులు. (వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు గురి చూసి కొడతాడు. బంతి గిన్నె దాకా పోయి కుడికి ఒరిగి సోఫా కిందికి పోతుంది.) చూశావా? అచ్చం ఇలాగే పోయింది అక్కడ కూడా.

శారద: పోదూ మరి? అక్కడ వాటం బాల్కనీ వైపు.

మూర్తి: వాటమా? నేల చదునుగానే ఉందిగా!

శారద: మీకు చదును. పనిమనిషి రాని రోజున తడిబట్ట పెట్టేది నేను. ఆ పగిలిన టైలు దాటగానే నీళ్ళు కుడికి పోతాయి, టీవీ బల్ల దగ్గర మళ్ళీ నిదానిస్తాయి. ఇటివ్వండి. (లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గిన్నెకి జానెడు ఎడమగా చూసి, పిండి గిన్నె పక్కకి జరిపినంత నెమ్మదిగా నెడుతుంది. బంతి ఎడమగా బయల్దేరి, పగిలిన టైలు దగ్గర వంపు తిరిగి, గిన్నెలో టంగుమంటుంది.)

(నిశ్శబ్దం.)

మూర్తి: ...మళ్ళీ కొట్టు.

శారద: ఎందుకు? పడిందిగా. పడ్డాక మళ్ళీ కొట్టేది మీరు. (కూర్చుంటుంది.) ఇంతకీ గ్రీన్ మీద ఎన్ని?

మూర్తి: రెండు కొట్టాను. మూడోది కొట్టబోయేసరికి బంతి గుంటకి ఇంత దూరంలో ఉంది. కల్నల్ గారు "సరే తీసెయ్యి మూర్తీ, పడినట్టే" అన్నారు.

శారద: పడినట్టే అంటే పడలేదు. పరీక్షలో వచ్చినట్టే ఉంది అన్న పిల్లాడికి నేను మార్కు వేశానా ఏనాడైనా? (మూడు కాయలు వేసి, పళ్ళెం ముందుకి తోస్తుంది.) లెక్కపెట్టండి.

మూర్తి: ఏమిటివి?

శారద: మీ ఏడు.

మూర్తి: (లెక్కపెడతాడు. మళ్ళీ లెక్కపెడతాడు.) పదకొండు. ఇదన్యాయం. స్నేహంగా ఆడే ఆటే ఇది!

శారద: స్నేహంగా ఆడితే నాలుగు మింగెయ్యొచ్చా? టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆడుతుంటే తెల్లవారుజామునే లేపి నన్ను టీవీ ముందు కూర్చోబెట్టారు, గుర్తుందా? వాళ్ళమ్మే సంచీ మోసింది. నాలుగో స్థానం. పతకానికి ఎన్ని దెబ్బలు తేడా?

మూర్తి: (గొణుగుతూ) ఒక్కటి.

శారద: ఆ పిల్ల ఒక్కటి మింగేసి ఉంటే?

మూర్తి: అలా ఎవరు ఆడతారే! ఈ ఆటలో మన తప్పు మనమే చెప్పుకోవాలి. క్రికెట్టులోలా పక్కన అంపైరు నిలబడి వేలెత్తడు. చెప్పుకోవాలి, అంతే, అదే దీని...

(ఆగిపోతాడు. ప్యాంటుకి ఇంకా అంటుకున్న గింజలకేసి చూస్తాడు. శారద ఈనెలు తీసుకుంటూనే ఉంటుంది. కాకి లాంటి గొంతుతో పక్కింటి కుక్కర్ కూస్తుంది.)

మూర్తి: శారదా.

శారద: ఊఁ.

మూర్తి: ఇంకో రెండు వెయ్యి.

శారద: దేనికి?

మూర్తి: పొదలో బంతి వేరు కింద ఇరుక్కుంది. ఎవరూ చూడట్లేదని కాలితో కాస్త... ఇంతే, జానెడు... జరిపి అక్కణ్ణించి కొట్టాను. దానికి రెండు దెబ్బలు జరిమానా.

శారద: కేడీ కూడా చూడలేదా?

మూర్తి: వాడు చూశాడు. నమస్కారం పెట్టాడు.

(శారద మాట్లాడకుండా చేటలోంచి రెండు కాయలు ఏరుతుంది. ఉన్నవాట్లో లేతవి ఏరి పళ్ళెంలో వేస్తుంది. మూర్తి పళ్ళెం చూస్తూ గడప మీదే కూలబడతాడు.)

మూర్తి: పదమూడు.

శారద: పదమూడు. ఇప్పుడు మిగతా పదిహేడు హోల్సూ చెప్పండి.

మూర్తి: అవెందుకే మళ్ళీ?

శారద: పదమూడు కాయలకి కూరవుతుందా? ఇద్దరికి కావాలి. కానివ్వండి, రెండో దాంట్లో ఎన్ని కొట్టానన్నారు?