బిడ్డను ఎవరి దగ్గర వదిలి వెళ్లాలి?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం, దాని కింద 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు'. ఆ రాతలు చదువుకుంటూ పెరిగిన తరం మాది. ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 చట్టం చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నిబంధనను ఎత్తివేసింది. అంతకు నెల ముందే, ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలున్నవారికే పోటీ అర్హత ఇచ్చే ఆలోచన ఉందని ముఖ్యమంత్రి చంద్రబాబు అన్నారు.

జననాలు మరీ తగ్గిపోతున్నాయన్నది ఆందోళన. దానికి ఆధారం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్ర సంతాన రేటు, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7. తరం స్థానంలో తరం నిలవాలంటే 2.1 కావాలి. అయితే అదే సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారని తేలింది. మగవారి ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. నాడు తగ్గించే భారం మోసింది ఆడవాళ్లే. నేడు పెంచమని అడుగుతున్నదీ వాళ్లనే. ఇది నాకు మింగుడుపడడం లేదు.

డబ్బుతో పని జరుగుతుందా? జననాలు పెంచడానికి దక్షిణ కొరియా రెండు దశాబ్దాలుగా ఖర్చు పెడుతున్నా 2023లో రేటు 0.72కి పడిపోయింది. హంగరీ నలుగురు పిల్లల తల్లికి జీవితాంతం ఆదాయపు పన్ను మాఫీ చేసింది. అక్కడా జననాలు మళ్లీ తగ్గాయి.

మన దగ్గర 'తల్లికి వందనం' పథకం సాయం అర్హత ఉన్న ఇళ్లలో బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ అందుతోంది. మంచిదే. కానీ బడి ఈడు రాకముందు?

భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో పెంకు ఒలిచే కూలీని తలచుకోండి. గంటల తరబడి నిలువుకాళ్ల మీద పని, చల్లటి నీళ్లలో నానిన వేళ్లు. ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ. అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండాకే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కన్నతల్లి కువైట్‌లో వేరొకరి పిల్లలను పెంచుతూ ఉండవచ్చు. గోదావరి జిల్లాల్లో అలాంటి ఇళ్లు తక్కువేం కాదు.

యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని కేంద్ర చట్టం చెబుతోంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చే ఆ చట్టమే మూడో బిడ్డకు 12 వారాలతో సరిపెడుతోంది. రాష్ట్రం తన ఉద్యోగినుల వరకు ఈ పరిమితిని తొలగించింది. ప్లాంటు కూలీకి అది వర్తించదు.

మూడో బిడ్డ సంగతి ఆమెను అడిగే ముందు, ఆ షెడ్డు పక్కన ఒక గది తెరవాలి. అందులో ఒక ఆయా ఉండాలి. షిఫ్టు ముగిసేదాకా దానికి తాళం పడకూడదు.