కాయగానే మిగిలిపోయిన పుచ్చకాయ

మామిడికాయ పండితే మామిడిపండవుతుంది. పుచ్చకాయ మాత్రం లోపలంతా ఎర్రబారి, వేసవంతా జనం దాహం తీర్చి, చివరికి చెత్తబుట్టలో పడ్డాక కూడా మన భాషలో కాయే. ఈ చిన్నచూపు తెలుగువాళ్లదే అనుకుంటే పొరపాటు. అమెరికాలో యూదుల వేసవి క్యాంపుల్లో జరిగే పళ్ల పండుగ చూస్తే, దాని తలరాత అక్కడా అంతేనని తెలుస్తుంది.

క్యాంపు అన్నాక రోజుకో వేడుక ఉండాలి. వాటిలో పళ్ల రోజంటే నిర్వాహకులకు మహా ప్రేమ. పొయ్యి వెలిగించక్కర్లేదు, మాంసం, పాలు ఒకదానికొకటి తగిలి యూదుల ఆహార నియమం చెడుతుందన్న బెంగ లేదు, వంటవాళ్లకు సెలవిచ్చినట్టే అంటారు. ఈ మాట వంటవాళ్ల ఎదుట అనకపోవడం ఆరోగ్యానికి మంచిది.

ముందు ముహూర్తం కుదరాలి. మనకు మూఢం ఉన్నట్టే యూదులకు వేసవి నడిబొడ్డున మూడు వారాలున్నాయి. జెరూసలేం ఆలయం కూలినందుకు దుఃఖించే రోజులవి. యూదుల పంచాంగంలో తమ్మూజ్ నెల 17న మొదలై ఆవ్ నెల 9తో ముగుస్తాయి. పెళ్లిళ్లు చేయరు. ఆచారం గట్టిగా పాటించేవాళ్లు ఆ రోజుల్లో కొత్త పండు తినేముందు, ఇన్నాళ్లు బతికించినందుకు దేవుడికి దణ్ణం పెట్టే ‘షెహెఖెయాను’ దీవెన చదవడం కూడా మానేస్తారు, చివరి తొమ్మిది రోజులు సరదా ఈతకూ దిగరు. 2026లో ఇవి జులై 2 నుంచి 23 దాకా. క్యాంపు తెరిచేది జూన్ చివర్లో, మూసేది ఆగస్టు మధ్యలో. ఇక మిగిలింది ఇంటిమీద బెంగతో పిల్లలు ముక్కు చీదుకునే మొదటి వారం, లేదంటే జులై 29న వచ్చే ఆవ్ పౌర్ణమి, తు బి ఆవ్.

పౌర్ణమికే మొగ్గు ఎక్కువ. ఆ రోజు జెరూసలేం ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో ఆడేవారని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. లేనివాళ్లు చిన్నబోకూడదని ఆ బట్టలన్నీ ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్నవే. ఎంత గొప్ప ఆలోచన! క్యాంపు దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. అందరికీ తెల్ల టీషర్టులు తొడిగి, చేతికి నల్లద్రాక్ష, బ్లూబెర్రీలు ఇస్తుంది. అరువు చొక్కా ఏ రంగులో తిరిగి వెళ్లాలో మిష్నా చెప్పలేదు.

పళ్లెం ముందు కూర్చున్నాక మర్యాదల పట్టింపు మొదలవుతుంది. బైబిల్ ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో వాగ్దాన భూమికి ఏడు పంటల పేర్లున్నాయి. అందులో పళ్లు అయిదు. తినేముందు చదివే దీవెనలో వాటిదే అగ్రపీట: ఆలివ్, ఖర్జూరం, ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఇదే వరస. పిల్లలెవరూ పండు అని ఒప్పుకోని, ఉప్పునీళ్లలో ఊరిన ఆలివ్ కాయ పెళ్లికొడుకు మేనమామలా ముందు కూర్చుంటుంది. పుచ్చకాయ మాటకొస్తే, అది సంఖ్యాకాండంలో ఉంది. ఎడారిలో నడుస్తూ ‘ఐగుప్తులో ఉచితంగా తిన్నాం’ అని ఇశ్రాయేలీయులు ఏడ్చిన తిండిలో చేపలు, ఉల్లిపాయల సరసన దాని పేరొచ్చింది. తెలుగు బైబిల్లో అదీ దక్కలేదు, దోసకాయ అని రాసేశారు.

పైగా దీవెనలు రెండు. చెట్టున కాసినదానికి ‘హాఎత్స్’, నేలన కాసినదానికి ‘హాఅదమా’. పుచ్చకాయ, స్ట్రాబెర్రీ, అనాస నేలవే. అరటి కూడా నేలదే అంటే పన్నెండేళ్ల పిల్లవాడు ‘చెట్టు అంతెత్తుంది కదా’ అని నిలదీస్తాడు, పిల్లల్ని చూసుకునే కౌన్సెలరు నీళ్లు నములుతాడు. గెల కొట్టాక బోదె నరికేసి పిలక కోసం చూసే మన తోట రైతైతే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడు: ఒక్క గెలతో చచ్చేది చెట్టెలా అవుతుంది?

స్ట్రాబెర్రీ దగ్గర ఉదయమంతా పోతుంది. పురుగు తినడం కోషర్ కాదు, అంటే యూదుల ఆహార నియమం ఒప్పుకోదు, కంటికి ఆనీ ఆననంత సన్నని తామరపురుగులు తొడిమ కిందే దాక్కుంటాయి. అందుకని తొడిమతోపాటు కాస్త కండ కూడా కోసేయాలి, సబ్బునీళ్లలో నానబెట్టి కలియతిప్పాలి, ధారకింద కడగాలి, మళ్లీ అదే చేయాలి. రాస్ప్‌బెర్రీ లోపల బోలు కాబట్టి కోషర్ తనిఖీదారు దాన్ని చూడగానే తల అడ్డంగా ఊపుతాడు. పళ్ల జెల్లీ చేద్దామంటే మామూలు జెలటిన్ జంతువు నుంచి తీసింది, కోషర్‌కు పనికిరాదు. సముద్రపు నాచు నుంచి తీసే కడల్పాసి వాడాలి.

చాకిరీ అంతా పుచ్చకాయదే. 9 కిలోల కాయలో తొక్క పోగా తినేది 6 కిలోలు. మనిషికి పావుకిలో చొప్పున 24 మందికి వస్తుంది, 300 మందికి 13 కాయలు. చెరువులో ఆటకొకటి, మెట్లమీద జారి పగిలేదొకటి, మొత్తం 15. కోసేముందు తొక్క రుద్ది కడగాలి, లేకపోతే పైనున్న మట్టిని కత్తే లోపలికి తీసుకెళ్తుంది. ఉల్లిపాయ తరిగిన పలకమీద కోస్తే ఆ వాసన 300 మందికీ పంచినట్టే. ముక్కకు తొక్క ఉంచాలి, పిల్లలకు అదే పిడి. కోసినవి 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉండాలి, బయట నాలుగు గంటలు దాటితే పారేయాలి. అసలు చిక్కేమిటంటే, ఆ ఫ్రిజ్ నిండా శుక్రవారం రాత్రి సబ్బాతు విందుకు తెచ్చిన కోళ్లుంటాయి.

చెరువు ఆటలో పుచ్చకాయకు ఒళ్లంతా డాల్డాలాంటి వంటకొవ్వు పూసి చెరువు మధ్యలో వదులుతారు. రెండు జట్లు దాన్ని తమ ఒడ్డుకు లాక్కోవాలి. నీళ్లకంటే రవ్వంతే తేలిక కాబట్టి ముంచితే మునుగుతుంది, మరోచోట తేలుతుంది. వాజెలిన్ పూస్తే తర్వాత తినడానికి పనికిరాదు. ఈతకొలనులో ఆడిస్తే కొవ్వు ఫిల్టరుకు పట్టి, మర్నాడు ఈత బందు.

ఇంత చేసినా న్యాయం జరగలేదా అంటే, ఒకచోట జరిగింది. చెట్టు పండుమీద పొరపాటున నేల దీవెన చదివినా చెల్లుతుంది, చెట్టు నిలబడేదీ నేలమీదే కనుక. నేల పండుమీద చెట్టు దీవెన చదివితే మాత్రం చెల్లదు. అంటే పుచ్చకాయ దీవెన ఖర్జూరానికీ పనికొస్తుంది, ఖర్జూరం దీవెన పుచ్చకాయ ముందు చిత్తుకాగితం. ఏది చెట్టో ఏది నేలో తేలక తడబడే కౌన్సెలరు పుచ్చకాయ పక్షం చేరితే సరి.

తొక్కలను వెంటనే మూతబిగించే డబ్బాల్లో వేసి భోజనశాలకు దూరంగా పెట్టించాలి. ఆగస్టు దగ్గరపడేకొద్దీ కందిరీగలు ఎక్కువవుతాయి, అవి ఏ దీవెనా చదవకుండానే మొదలుపెడతాయి.