ప్రోనోటు మీద సంతకం ఎందుకు వెలిసిపోదు?

నెల్లూరులో మా ఇంటి హాల్లో, టీవీకి పైన, బంగారు రంగు ఫ్రేములో ఒక తెల్ల కాగితం వేలాడుతూ ఉంటుంది. తెల్ల కాగితం అని మర్యాదకు అంటున్నాను గాని ఇప్పుడది పసుపు. కొత్తగా వచ్చినవాళ్లు కాసేపు దాని వంక చూసి, "మోడరన్ ఆర్టా అన్నా?" అంటారు. కాదండీ. 1996 వేసవిలో మైపాడు బీచికి షూటింగుకొచ్చిన ఒక హీరోగారు స్వహస్తాలతో చేసిచ్చిన ఆటోగ్రాఫ్ అది. హీరో పేరు చెప్పను. చెబితే ఆయన అభిమానులు ఇంటికొచ్చి సంతకం ఏదని అడుగుతారు.

జాతికి జరిగిన ఈ నష్టానికి బాధ్యులెవరో తేల్చడానికి నేనే ఏకసభ్య కమిషన్‌గా ఏర్పడి, నా మీద నేనే విచారణ జరిపించుకున్నాను. మిగతా కమిషన్ల నివేదికల్లాగా ఇదీ అటకెక్కేలోపు ముఖ్యాంశాలు ప్రజల ముందు పెడుతున్నాను.

మొదటి ముద్దాయి పెన్ను. ఆ రోజు నా జేబులో దొరికింది మా చెల్లెలి ఊదారంగు స్కెచ్ పెన్ను. అందులో ఉండేది నీళ్లలో కరిగే డై. వెలుతురు తగిలే కొద్దీ ఆ రంగు అణువులు విరిగిపోతాయి, విరిగినవి మళ్లీ అతుక్కోవు. మసి అయితే ఈ బాధ లేదు. మన పెద్దలు తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి రుద్దేవాళ్లు. ఆకును పురుగు తినాలే గాని అక్షరం మాత్రం వెలిసేది కాదు, కార్బన్ కదా. తాటాకు, గంటం పట్టుకుని హీరోగారి మీదికి పోతే సెక్యూరిటీవాళ్లు ఏం చేసుండేవాళ్లన్నది కమిషన్ పరిధిలోకి రాదు.

రెండో ముద్దాయిని నేనే. చిన్నబజారులో ఒక ఫ్రేముల షాపాయన "లామినేషన్ కొట్టించన్నా, వందేళ్లు చూసుకోబళ్లేదు" అన్నాడు. కొట్టించాను. కాగితాన్ని రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి, జిగురు కరిగేదాకా వేడి చేసి అంటించడాన్నే లామినేషన్ అంటారు. ఒకసారి అంటుకున్నాక కాగితం చిరగకుండా ఊడి రాదు. అట్టా పెనం మీద అట్టులా కాల్చిన దాన్ని తెచ్చి, పడమటి కిటికీకి ఎదురుగోడకు తగిలించాను. అందరికీ కనబడాలి గదా! వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, మ్యూజియాల్లో పాత కాగితాల మీద 50 లక్స్‌కి మించి పడనివ్వరు. నెల్లూరు మిట్టమధ్యాహ్నం ఎండ ఒక లక్ష లక్స్ దాకా ఉంటుంది. మా కిటికీకి కర్టెన్ లేదు. ఫ్రేముకు వేసిన మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో కొన్నింటినే ఆపుతుంది, కంటికి కనిపించే వెలుతురును దాదాపు ఆపదు. అదీ చాలదన్నట్టు రాత్రిళ్లు చుట్టాలకు మెరవాలని పైన ట్యూబ్‌లైటు పెట్టించాను. వెలుతురు చేసే నష్టం వడ్డీ లాంటిది, పగలు కొంత రాత్రి కొంత కలిసి పెరుగుతూనే ఉంటుంది.

పదేళ్లకు హీరోగారి పేరులో చివరి అక్షరం పోయింది. తర్వాత నడుమ కొమ్ము పోయింది. కోరికకొక రొట్టె చొప్పున పట్టుకునే మా ఊరి రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గరికి పోతే చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అన్నీ దొరికాయి. సంతకం రొట్టె పట్టుకున్నవాళ్లు ఒక్కరూ కనబళ్లేదు.

ఇక కమిషన్ ముందు హాజరైన ఏకైక నిపుణుడు మా పెద్దనాయన. ఆయన వడ్డీకి డబ్బులిస్తాడు. అదే 1996లో మా నాయన ఆయన దగ్గర పదివేలు తీసుకుని రాసిచ్చిన ప్రోనోటు ఇప్పటికీ ఆయన బీరువాలో ఉంది. మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదని, గడువు దగ్గర పడ్డప్పుడల్లా కాస్త జమ కట్టించుకుని వెనకాల చెల్లు రాయించుకుంటూ వచ్చాడు. మొన్న తీసి చూపించాడు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా మా నాయన సంతకం, నిన్న సాయంత్రం పెట్టినంత నల్లగా ఉంది.

దాచిన తీరు చూడండి. లామినేషన్ లేదు. మెత్తటి పీవీసీ కవరు లేదు, అట్టాంటి కవర్లలో నాళ్లు గడిచేకొద్దీ సిరా ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. పాత నూలు పంచె ముక్కలో చుట్టి, రేకు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బీరువాలో, ఆ బీరువాను కిటికీ లేని నడింట్లో పెట్టాడు. బాత్‌రూమ్ గోడకు ఆనించలేదు, తేమకు భయం. పెట్టె తెరిచేది మూడేళ్లకొకసారి, అదీ ఐదు నిమిషాలు. చేతులు కడిగి తుడుచుకుంటే గాని ముట్టుకోనివ్వడు.

"పెద్దనాయనా, మ్యూజియంలో కూడా ఇంతే. 50 లక్స్ దాటనివ్వరంట" అన్నాను.

"యాభై సబ్బులేం చేసుకుంటారు అబ్బయా?" అన్నాడు.

ఇక్కడ కమిషన్ చిన్న పక్కదారి పట్టింది. ఎలక్షన్లలో వేలికి పెట్టే సిరా 1962 నుంచి మైసూరులో తయారవుతోంది. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. చర్మంలోని ఉప్పుతో కలిశాక దానికి వెలుతురు తగిలే కొద్దీ ఇంకా నల్లబడుతుంది. అంటే, నాయకుడు మన పుస్తకంలో పెట్టిన సంతకం ఎండకు తెల్లబడుతుంది, ఆయన కోసం మనం వేయించుకున్న చుక్క ఎండకు నల్లబడుతుంది. దీని మీద వ్యాఖ్యానించడం లేదు, కోడ్ అడ్డొస్తుంది.

కమిషన్ సిఫార్సు ఒక్కటే. అసలును ఆమ్లం లేని కాగితంలో పెట్టి చీకట్లో దాచండి, గోడకు జిరాక్స్ తగిలించండి. ఇది విని మా ఆవిడ, "జిరాక్స్ పెట్టుకుంటే ఎవురు నమ్ముతారు?" అంది. ఆ మాటా నిజమే. నేను ఫ్రేము కట్టించింది సంతకం కోసం కాదు, పక్కింటాయన కోసం.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మా మేనల్లుడు ముచ్చటపడి ఈ ఆటోగ్రాఫ్‌కి అర్ధరూపాయి పెట్టి జిరాక్స్ తీయించుకున్నాడు. జిరాక్స్ పొడికి నలుపునిచ్చేది మసే, అంటే కార్బనే. కావలి పోయి అడిగితే పాత పదో తరగతి గైడులోంచి తీసిచ్చాడు. కొమ్ములు, దీర్ఘాలు అన్నీ దిట్టంగా ఉన్నాయి.

నకలును నమ్మించాలంటే మన దేశంలో ఒకటే దారి, అటెస్టేషన్. తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు ఒకాయన దగ్గరికి పోయి "ట్రూ కాపీ" అని సంతకం పెట్టమన్నాను. ఆయన ఆకుపచ్చ పెన్ను మూత తీసి, రూలు ప్రకారం అసలు చూపించమన్నాడు.

ఫ్రేము సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫ్రేము చూశాడు, జిరాక్స్ చూశాడు, మళ్లీ ఫ్రేము చూశాడు. పెన్నుకు మూత పెట్టేశాడు.

"మీరు తెచ్చిన వాటిల్లో అసలేదో ముందు మీరు తేల్చుకుని రండి" అన్నాడు.