పరిణామం ఆగిపోయిందట, ఫార్వర్డ్ మాత్రం ఆగడం లేదు

ఈ వారంలో ఈ వాట్సాప్ ఫార్వర్డ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో. మూడోసారి మా కాలేజీలో ఫిజిక్స్ సార్ పంపి, "మీ జువాలజీయే కదా, ఓసారి చూడండి" అన్నారు. నిన్న రాత్రి పదిన్నరకి బాబాయ్ పంపాడు. మొదటి మూడుసార్లూ చూసి ఊరుకున్నాను. బాబాయ్ పంపాక ఊరుకోలేకపోయాను. దానికి వేరే కారణం ఉంది, తర్వాత చెప్తాను.

"మానవ పరిణామం ఆగిపోయింది: సైన్స్ దాచిన 7 నిజాలు" అని హెడ్డింగు, పక్కన మూడు మంటల బొమ్మలు. లోపల సరుకు ఇది. మనిషి 50 వేల ఏళ్ల కిందటే పూర్తిగా తయారైపోయాడు, అప్పటినుంచి ఏ మార్పూ లేదు. కోతి నుంచి మనిషి వస్తే కోతులింకా ఎందుకున్నాయి? ఫోన్లు నొక్కి నొక్కి మన మనవలకి బొటనవేళ్లు పొడుగవుతాయి. మందుల వల్ల బలహీనులంతా బతికిపోయి జాతి నీరసించిపోతోంది. ఆపరేషన్ కాన్పుల వల్ల ఆడవాళ్ల శరీరం మారిపోతోంది. ఇవన్నీ ముందే ఎరిగిన మన పెద్దలు జీన్స్ చెడకుండా, రక్తశుద్ధి కోసం మేనరికం పెట్టారు. ఏడో నిజం: ఈ మెసేజ్‌ని 21 మందికి పంపండి.

మొదటి పాయింటులో ఏ మార్పూ లేదన్నాయన మూడో పాయింటుకి వచ్చేసరికి వేళ్లు సాగదీశాడు. సరే, ఆ వేళ్ల సంగతే ముందు తేల్చేద్దాం. మన ఇళ్లలో ఆడపిల్లలకి చెవులు కుట్టించడం ఎన్ని తరాలుగా ఉంది? ఒక్క పాపైనా చెవులకి చిల్లులతో పుట్టిందా? అంతే, అయిపోయింది.

కోతులు. మీ ముత్తాత తమ్ముడి సంతానం ఇంకా ఊళ్లో ఉంది కదా. మీరు పుట్టారు కాబట్టి వాళ్లు మాయమైపోవాలా? కోతులూ మనమూ ఒకే పాత కుటుంబంలోంచి విడిపోయిన దాయాదులం. పదో తరగతి పిల్లలకి ఒక్క పీరియడ్‌లో అర్థమయ్యే విషయం ఇది. ఆ పాఠాన్ని ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2023లో పదో తరగతి పుస్తకంలోంచి తీసేశారనుకోండి, అది వేరే ఏడుపు.

ఇక 50 వేల ఏళ్లు. ఇక్కడ ఫార్వర్డ్ రాసినవాణ్ణి పూర్తిగా తిట్టలేను. స్టీఫెన్ జే గౌల్డ్ లాంటి పెద్ద శాస్త్రవేత్తే ఇంచుమించు ఇదే మాట అన్నాడు. పుట్టిన పిల్లల్లో దాదాపు అందరినీ బతికించుకోగలిగిన రోజు నుంచీ మనం ప్రకృతి వరణాన్ని, అంటే తట్టుకున్నవాళ్లే మిగిలి పిల్లల్ని కనడాన్ని, ఆపేశామని టీవీలో ప్రకృతి డాక్యుమెంటరీలు తీసే డేవిడ్ ఆటెన్‌బరో కూడా 2013లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అయితే పెద్దవాళ్లు చెప్పినంత మాత్రాన ఎదురుగా కనిపించేది అబద్ధమైపోదు.

ఎదురుగా కనిపించేది అంటే, ఉదాహరణకి నా కడుపు. గ్లాసుడు పాలు తాగానంటే గంటలో ఉబ్బరం మొదలవుతుంది. పెరుగన్నం మాత్రం ఎంత తిన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే పాలలోని చక్కెరలో కొంత భాగాన్ని తోడులో ఉన్న బాక్టీరియా నాకంటే ముందే తినేసి ఉంటుంది. పాలచక్కెరని అరిగించే ఎంజైమ్ పసిపిల్లలందరికీ ఉంటుంది. పాలు మాన్పించాక చాలామందిలో అది తగ్గిపోతుంది, మిగతా జంతువుల్లో తగ్గినట్టే. కొందరిలో మాత్రం ఆ స్విచ్ ఆఫ్ కాదు. ఆ స్విచ్‌ని ఆన్‌లో ఉంచే జన్యు మార్పు మనుషులు పశువుల్ని పెంచడం మొదలుపెట్టాకే వ్యాపించింది, అంటే గత పది వేల ఏళ్లలోపు. మన దేశంలో అది వాయవ్యం వైపు ఎక్కువ, మన దక్షిణాదిన తక్కువ. హబ్సిగూడ దగ్గర కణాల మీదా జన్యువుల మీదా పరిశోధన చేసే సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న పరిశోధనలో తేలిందేమిటంటే, ఉత్తరాది వాళ్లలో ఉన్నదీ యూరప్ వాళ్లలో ఉన్నదీ ఎక్కువగా ఒకటే మార్పు. 50 వేల ఏళ్ల కిందట మనం తయారైపోయి ఉంటే ఇది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే బేగంపేట వెళ్లండి. పాత ఎయిర్‌పోర్టు దగ్గర సర్ రొనాల్డ్ రాస్ పేరు మీద ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆ మలేరియా మనిషిని చంపడమే కాదు, మార్చింది కూడా. సికిల్ సెల్ జన్యువు ఒక కాపీ ఉన్నవాణ్ణి మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. రెండు కాపీలూ వస్తే మాత్రం అదే పెద్ద జబ్బు. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఆ జన్యువు నిలబడిపోయింది, మన ఆదిలాబాద్ గూడేల్లో ఇప్పటికీ ఉంది. పరిణామం అంటే ఇదే. మెట్లెక్కడం కాదు, మెరుగవ్వడం కాదు. ఎవరి పిల్లలు ఎంతమంది మిగిలారన్నదే లెక్క. దానికి దయ లేదు, ప్లాన్ అంతకన్నా లేదు.

ప్రతి బిడ్డా తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త జన్యు మార్పులు అరవై డెబ్బై వెంటబెట్టుకుని పుడుతుంది. ఎక్కువ భాగం ఏమీ చెయ్యవు. కానీ తేడాలు పుడుతూనే ఉన్నాయి, కొందరికి ముగ్గురు పిల్లలు, కొందరికి ఒకరు, కొందరికి లేరు. ఇంక ఆగడం ఎక్కడ? అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి కొన్ని తరాల ఆరోగ్యం రాస్తూ వస్తున్నారు. ఆ లెక్కలు పట్టుకుని 2010లో కొందరు అంచనా కట్టారు. ఇదే తీరు సాగితే అక్కడి ఆడవాళ్లు రాబోయే తరాల్లో సగటున కాస్త పొట్టిగా, కాస్త బొద్దుగా అవుతారట, కొలెస్ట్రాల్ తగ్గుతుందట, ముట్లుడగడం కాస్త ఆలస్యమవుతుందట. మెడలు సాగి తలలు పెద్దవై గ్రహాంతరవాసుల్లా మారిపోతామనుకున్నవాళ్లకి ఇది నిరాశే.

బలహీనులు బతికిపోతున్నారట! ఇది పంపిన బాబాయ్‌కి గుండెలో రెండు స్టెంట్లు, ముక్కు మీద నిండు సోడాబుడ్డి కళ్లద్దాలు, పొద్దున ఒక బీపీ బిళ్ల, రాత్రి రెండు షుగర్ బిళ్లలు. బలహీనులంటే ఎవరు బాబాయ్? పైగా "బలహీనులు పిల్లల్ని కనకూడదు" అన్న లెక్కతో గత శతాబ్దంలో అమెరికాలో, జర్మనీలో ప్రభుత్వాలే మనుషులకి బలవంతంగా ఆపరేషన్లు చేయించాయి. జర్మనీలో అది చంపేదాకా వెళ్లింది. ఈ పాయింటుకి మంటల బొమ్మ తగిలించేముందు ఒక్క క్షణం ఆలోచించాల్సింది.

కాన్పుల విషయంలో మాత్రం ఒక మాట ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకిష్టం లేకపోయినా. బిడ్డ తల పెద్దదై తల్లి కటి ఇరుకైతే పాతరోజుల్లో ఇద్దరూ పోయేవారు. ఇప్పుడు ఆపరేషన్ చేసి ఇద్దరినీ బతికిస్తున్నారు, ఆ లక్షణాలు తర్వాతి తరానికి వెళ్తున్నాయి. దీనివల్ల అలాంటి కష్టమైన కాన్పులు కొన్ని దశాబ్దాల్లో వెయ్యికి 30 నుంచి 36 దాకా పెరిగి ఉండొచ్చని 2016లో వియన్నా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అది కాగితం మీది లెక్కే, కొలిచి చూసింది కాదు. కానీ ఆలోచన అర్థం లేనిది కాదు. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వెయ్యికి ఆరు ఎక్కడ, నూటికి అరవై ఎక్కడ? ఒక్క తరంలో మన ఆడవాళ్ల ఎముకలు మారిపోయాయా? పంచాంగంలో మంచి నక్షత్రం చూసి, శుక్రవారం ఉదయం 9.40కి కొయ్యండి అని డాక్టరుకి చీటీ ఇచ్చేది పరిణామం కాదు, మనమే.

ఇప్పుడు ఆరో పాయింటు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ముందున్న అయిదూ దీనికి తోరణాలు. సైన్సు పేరు చెప్పి మొదలుపెట్టి చివరికి వచ్చి ఆగింది పెళ్లి సంబంధం దగ్గర.

మా పెద్దమ్మని ఆవిడ మేనమామకే ఇచ్చారు. వాళ్ల రెండోవాడు పుట్టిన ఏడు దీపావళికి మేమంతా అక్కడే ఉన్నాం. గుమ్మం ముందు లక్ష్మీబాంబు పేలింది. నేను చెవులు మూసుకుని లోపలికి పరిగెత్తాను. ఉయ్యాలలో వాడు కదల్లేదు, కనురెప్ప కూడా ఆడలేదు. "ఎంత గుండె ధైర్యంరా వీడికి, మిలిటరీకి పోతాడు" అని మా తాతయ్య మురిసిపోయాడు. ఆ మాట ఆ ఏడాదంతా చుట్టాలందరికీ చెప్పుకున్నారు. వాడికి రెండేళ్లు వచ్చాక గానీ తెలియలేదు, అది ధైర్యం కాదని. వాడికి వినపడదు. మేనరికం వల్లే అని ఆ ఒక్క కేసులో నేను రుజువు చెయ్యలేను, అప్పట్లో జీన్ టెస్టులు ఎవరు చేయించారు గనక. కానీ పుట్టు చెవుడులో చాలా రకాలు వచ్చే దారి ఇదేనని పాఠం చెప్పి బతికేవాడిగా నాకు తెలుసు.

ఆ దారి ఏమిటంటే, మా అపార్ట్‌మెంట్‌లో రెండు బోరు మోటార్లున్నాయి. ఒకటి కాలిపోతే ఎవరికీ తెలియదు, నీళ్లు వస్తూనే ఉంటాయి. రెండూ కాలినప్పుడే ట్యాంకర్‌కి ఫోన్ చేస్తాం. జన్యువులూ అంతే, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మనందరిలోనూ ఏవో కొన్ని కాలిపోయిన మోటార్లు ఉంటాయి, రెండోది నడుస్తోంది కాబట్టి తెలియవు. బయటి సంబంధంలో అవతలి వాళ్లవీ కాలినవి ఉంటాయి, కానీ అవి వేరేవి. బావామరదళ్లకి మాత్రం జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామ మేనకోడళ్లకి నాలుగో వంతు. ఇద్దరి దగ్గరా కాలింది ఒకటే మోటారు అయ్యే అవకాశం అక్కడ పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు మామూలుగా నూటికి రెండు మూడు కాన్పుల్లో ఉంటాయి. బావామరదళ్ల పిల్లల్లో అది ఇంచుమించు రెట్టింపు. అంటే నూటికి తొంభై మందికి పైగా బాగానే పుడతారు. "మా ఇంట్లో మూడు తరాల మేనరికం, ఎవరికీ ఏమీ కాలేదు" అంటే నేను నమ్ముతాను, నమ్మకపోవడానికి కారణం లేదు. హెల్మెట్ లేకుండా ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్లో ఇరవై ఏళ్లు తిరిగినవాడికీ ఏమీ కాకపోవచ్చు.

తరతరాలుగా దగ్గరి పెళ్లిళ్లు చేస్తే చెడ్డ జన్యువులు ఏరివేతకి గురై రక్తం శుభ్రపడుతుంది అని ఒక వాదన ఉంది, ఫార్వర్డ్‌లో "రక్తశుద్ధి" అన్నది అదే. ఒకప్పుడు జన్యు శాస్త్రవేత్తలే దక్షిణాది గురించి ఇలా అనుకున్నారు. ఏరివేత అంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? పిల్లలు పోవడం. అదొక్కటే దాని పద్ధతి. అన్ని తరాలు పోయినా శుభ్రపడలేదు కూడా, కొత్త మార్పులు ప్రతి కాన్పులోనూ పుడుతూనే ఉంటాయి కదా.

పోనీ మేనరికం కాదు, కులంలోనే బయటి సంబంధం అంటారా? సీసీఎంబీ వాళ్లు, హార్వర్డ్ వాళ్లు కలిసి చేసిన 2017 నాటి పరిశోధనలో దక్షిణాసియాలో 263 సమూహాల్ని చూస్తే 81 సమూహాలు ఎంత కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చాయంటే, ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఫిన్లండ్ వాళ్లని కూడా దాటేశాయి. అంటే కులంలో బయటి సంబంధమైనా ఇద్దరి దగ్గరా కాలింది ఒకటే మోటారు కావచ్చు. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ టేబుల్ మీద కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు నిమిషాల్లో దిగాల్సింది గంటలు దిగదు. అనస్థీషియా డాక్టర్లకి ఇది తెలిసిన సంగతే. ఇది ఏ ఒక్క కులం తప్పూ కాదు, తలుపులు మూసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది.

ఇక "మన పెద్దలు". ఏ పెద్దలు? 2013లో ఇదే శాస్త్రవేత్తల బృందం లెక్క ప్రకారం, సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం విపరీతంగా కలిసిపోయారు. ఆ తర్వాతే కులాల మధ్య తలుపులు పడ్డాయి. అంతకుముందున్నవాళ్లు మనకి పెద్దలు కారా?

మేనరికంలో మంచి లేదని నేననను. అత్తగారు సొంత మేనత్త అయితే పిల్లకి ఆ ఇంట్లో భయం ఉండదు. కట్నం దగ్గర పీకులాట తక్కువ, పొలం ముక్కలవదు. మా పెద్దమ్మని ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు, అది కళ్లారా చూశాను. పెద్దలు మేనరికం పెట్టింది వీటి కోసం. ఇవి చెప్పుకోండి, నిజాలు. జీన్స్ జోలికి మాత్రం రావద్దు.

బాబాయ్ ఎందుకు పంపాడో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. మా చెల్లెలికి, అంటే బాబాయ్ కూతురికి, వాళ్ల మేనమామ కొడుకుతో మాటలు నడుస్తున్నాయి. ఇద్దరికీ ఇష్టమే, అబ్బాయి మంచివాడు, పెళ్లి మానుకోమని నేను చెప్పడం లేదు. ముందు పరీక్షలు చేయించుకోండి, ఏయే మోటార్లు కాలాయో చూసుకోండి అన్నాను. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ కూర్చోబెట్టి విడమరిచి చెప్తారు. "పరీక్షలేంట్రా, మనవాళ్లే కదా" అని బాబాయ్ మొన్ననే కోపగించుకున్నాడు. నిన్న ఈ ఫార్వర్డ్ వచ్చింది.

21 మందికి పంపమన్నారు కదా. నేను రాసిన ఈ జవాబు మా చెల్లెలొక్కదానికే పంపాను. పొద్దున ఆరున్నరకి రిప్లై వచ్చింది: "అన్నయ్యా, బావకి బుధవారం ఆఫ్. ఓపీ ఎన్నింటికి మొదలవుతుంది?"