పొమ్మంటే మళ్ళీ మొదలెట్టే కంప్యూటర్

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటి, అకౌంట్లు రెండు. నేను లాగాఫ్ అయితే మా ఆవిడ లాగిన్ అవుతుంది. ఏళ్ళ తరబడి గొడవల్లేకుండా నడుస్తున్న ఒప్పందం ఇది. మొన్నామధ్య ఒక సాయంత్రం లాగాఫ్ నొక్కగానే తెర గుప్పున నల్లబడింది. అరనిమిషం తర్వాత కంపెనీ బొమ్మ దగ్గర్నుంచి మొత్తం కథ మళ్ళీ మొదలైంది.

"లేవమంటే మొత్తం ఆపేశారేంటండీ?"

"నేను లాగాఫే నొక్కాను. దానికి రీస్టార్ట్ అని వినపడింది."

మర్నాడూ అంతే. రోజంతా వాడినా కిక్కురుమనదు, లాగాఫ్ అంటే మాత్రం పూనకం. నాకు తెలిసిన వైద్యం చేశాను: వైర్లు పీకి మళ్ళీ పెట్టాను, దుమ్ము దులిపాను, కరెంటును అనుమానించాను. బావమరిదికి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టెయ్ బావా" అన్నాడు. మౌస్ కదలకపోయినా, స్పీకర్ గరగరలాడినా అతని మందు అదొక్కటే.

ఇక లాభం లేదని ఈవెంట్ వ్యూయర్, అంటే కంప్యూటర్లో జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా, తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. నిక్షేపంగా ఉన్న కంప్యూటర్లో కూడా అక్కడ ఎర్ర గుర్తులు ఉంటాయని తెలియక చాలాసేపు టెన్షన్ పడ్డాను. నేను లాగాఫ్ చేసిన ప్రతిసారీ అందులో 'కెర్నల్-పవర్ 41' అని ఉంది. వివరం చదివితే, సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే సిస్టమ్ రీబూట్ అయిందట. ఎందుకు పడ్డావురా అంటే, పడ్డాను కాబట్టి అన్నట్టుంది.

చివరికి మా అమ్మాయి వచ్చి చూసింది. "నాన్నా, ఇది రీస్టార్ట్ అవడం కాదు, చచ్చి బతకడం" అంది. పెద్ద తప్పు జరిగితే విండోస్ నీలం తెర చూపిస్తుంది. కానీ వెంటనే దానంతట అదే రీస్టార్ట్ అవ్వాలని ఒక టిక్కు ముందే పెట్టి ఉంటుంది. అందుకే ఆ నీలం మన కంటపడే లోపే మాయం. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళి, స్టార్టప్ అండ్ రికవరీలో ఉన్న ఆ టిక్కు తీసేసింది.

మళ్ళీ లాగాఫ్ నొక్కాను. నీలం తెర వచ్చి కదలకుండా కూర్చుంది. రీస్టార్ట్ ఆగిపోయింది! విజయగర్వంతో మా ఆవిడ వైపు చూశాను.

"ఇదివరకు కనీసం దానంతట అదే లేచేది. ఇప్పుడు బటన్ కూడా మనమే నొక్కాలన్నమాట. రిపేరంటే ఇదా?"

తెర మీద 'సెషన్ హ్యాజ్ వ్యాలిడ్ పూల్ ఆన్ ఎగ్జిట్' అని ఉంది. వెనక కుర్చీలో ఉన్న మామగారు "పూలేంటి, ఎక్కడ?" అన్నారు. పూలు కాదు మామయ్యగారూ, మెమరీ. యూజర్ వెళ్ళిపోయేటప్పుడు ఆ సెషన్‌లోని (లాగిన్ నుంచి లాగాఫ్ దాకా ఒక సెషన్) డ్రైవర్లు, అంటే కంప్యూటర్ భాగాలను నడిపే ప్రోగ్రాములు, తీసుకున్న మెమరీ అంతా తిరిగి అప్పగించాలి. ఇక్కడ ఎవరో అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేశామంటూనే ఒక గదికి తాళం వేసుకుని పోయారు. ఓనరుగారు, అంటే విండోస్, ఆ తాళం చూసి ఇంటికే నిప్పు పెట్టుకున్నారు.

ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్నట. విండోస్ అత్యవసరమైన వాటితోనే నడిచే సేఫ్ మోడ్‌లో ఆ డ్రైవర్ ఉండదు కాబట్టి అందులో ప్రయత్నించాం. లాగాఫ్ వెన్నలా అయింది. "నాన్నా, ఈమధ్య ఎవరైనా డ్రైవర్ అప్‌డేట్ చేశారా?" అంది అమ్మాయి.

కిందటి వారం చేశాను. ఎవరూ అడగలేదు, అవసరమూ లేదు. కొత్తది కనిపించింది, నొక్కేశాను. "విండోస్ తనే చేసుకుని ఉంటుంది" అని పైకి అని, డివైస్ మేనేజర్లోకి వెళ్ళి రోల్ బ్యాక్ నొక్కి పాత డ్రైవర్ని వెనక్కి పిలిపించాను.

లాగాఫ్. తెర ఒక్క క్షణం తడబడి, బుద్ధిగా లాగిన్ పేజీ చూపించింది. నమ్మకం కుదరక లాగిన్ అయ్యి మళ్ళీ లాగాఫ్ చేశాను. బాగుంది. ఇంకోసారి. ఇంకోసారి. తొమ్మిదోసారి పాస్‌వర్డ్ కొడుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది:

"ఏమండీ, ఇప్పుడు కంప్యూటర్ బానే ఉందిగా. మీరెప్పుడు లాగాఫ్ అవుతారు?"