ఆ పాత కంప్యూటర్ నాకివ్వండి

"దొంగలను మనమే పిలిచి కూర్చోబెడతామా?" నిన్న మా కాలేజీ మీటింగ్‌లో పెద్దసారు అన్న మాట ఇది. స్టోర్ రూమ్‌లో దుమ్ము కొట్టుకుపోతున్న డెస్క్‌టాప్ ఒకటి ఇస్తే హనీపాట్ పెడతానని అడిగాను, అంతే. రాత్రంతా నిద్ర పట్టలేదు.

హనీపాట్ అంటే హ్యాకర్ల కోసం పెట్టే ఎర కంప్యూటర్. వేటగాళ్లు పిట్టలను రప్పించడానికి కట్టే దీమపు పిట్ట లాంటిది. చూడ్డానికి అసలు సర్వర్‌లాగే ఉంటుంది, లోపల పనికొచ్చేదేమీ ఉండదు. మన సిబ్బందిలో ఎవరికీ దానితో పని లేదు. కాబట్టి ఎవరైనా దాన్ని ముట్టుకున్నారంటే అనుమానించాల్సిందే. నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ వచ్చీపోయేవాటి చిట్టా (లాగ్) రోజూ వేల లైన్లు రాస్తుంది, అందులో ఏది చదవాలో తెలియక చస్తాం. ఇక్కడ ఒక్క లైను పడినా లేచి చూడాలి.

ఇదేమీ కొత్త వింత కాదు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ చిల్లర ఎటు పోయిందా అని వెతికితే, మిలిటరీ కంప్యూటర్లలోకి దూరుతున్న హ్యాకర్ బయటపడ్డాడు. వాడు వస్తున్న ఫోన్ లైన్ ట్రేస్ చేద్దామంటే కాసేపే ఉండి వెళ్లిపోయేవాడు. అప్పుడు స్టోల్ రక్షణ ప్రాజెక్టు పేరుతో కుప్పలుగా దొంగ ఫైళ్లు తయారుచేసి పెట్టాడు. హ్యాకర్ వాటికి అతుక్కుపోయాడు, ఈలోగా లైను జర్మనీలోని హానోవర్ దాకా దొరికింది. మార్కస్ హెస్ అనే ఆ మనిషి, తన ముఠాతో కలిసి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతున్నాడు. ముప్పావు డాలరే కదా, పోనీలే అని వదిలేసి ఉంటే?

"మన కాలేజీకి ఎవడొస్తాడయ్యా" అన్నారు ఇంకొకరు. ఎవడూ మనల్ని ఏరుకుని రాడండీ! ప్రోగ్రాములు ఇంటర్నెట్ మొత్తాన్నీ తలుపు తలుపూ తడుతూ తిరుగుతుంటాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము), కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రౌటర్లనూ అలాగే లోబరచుకుంది. సొంత డబ్బుతో చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని కౌరీ పెట్టి చూశాను. ఉచిత సాఫ్ట్‌వేర్ అది, వచ్చినవాడికి ఉత్తుత్తి లాగిన్ ఇచ్చి, కొట్టిన ప్రతి కమాండూ రాసిపెడుతుంది. భోజనం చేసి వచ్చేసరికే రూట్, అడ్మిన్, 123456 అంటూ పేర్లూ పాస్‌వర్డ్‌లూ కొట్టి చూసే ప్రయత్నాలు మొదలైపోయాయి.

నిజం చెప్పాలంటే బయట పెట్టిన ఎరకు పడేది ఎక్కువగా ఈ చెత్తే. నాకు కావలసింది మన నెట్‌వర్క్ లోపల, పరీక్షల సర్వర్ పక్కన, నోరు మెదపకుండా కూర్చునే ఒక్క పెట్టె. దాన్ని ఎవడైనా తట్టాడంటే వాడు ఇప్పటికే ఇంట్లో ఉన్నట్టు.

సారు భయంలోనూ కొంత నిజం ఉంది. అజాగ్రత్తగా పెడితే దాని మీదుగానే వేరేవాళ్ల మీద దాడి చేస్తారు. అందుకే అసలు సర్వర్ల వైపు దానికి దారి ఉండదు, బయటికి వెళ్లే దారీ మూసేస్తాను. ఈసారి ఈ ఏర్పాటంతా బొమ్మ గీసి, సోమవారం మళ్లీ అర్జీ పెడుతున్నాను.