ఆకలా? బయటికెళ్లి ఏరుకోండి

ధరలు పెరిగినప్పుడు, ఉద్యోగాలు ఊడినప్పుడు, పంటలు పోయినప్పుడు ఒక సలహా తప్పకుండా బయటికి వస్తుంది. ఇచ్చేవారు సాధారణంగా భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా కూర్చుని ఇస్తారు. "ప్రకృతిలో తిండికేం కొదవ? రోజూ తొక్కుకుంటూ పోయే మొక్కల్లో ఎన్ని తినొచ్చో తెలుసా? జనానికి తెలియక పస్తులుంటున్నారు గానీ!"

ఈ మాటను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఆకలికి ఇంతకాలం చెప్పుకుంటూ వచ్చిన కారణాలు, అంటే కూలి, భూమి, అప్పు, యుద్ధం, తాళం వేసిన గిడ్డంగి లాంటి చిక్కు వ్యవహారాలన్నీ దీంతో ఒక్క దెబ్బకు కొట్టుకుపోతాయి. చివరికి మిగిలేది వృక్షశాస్త్రంలో వెనకబడిన ఒక మనిషి. వాడికి నాలుగు క్లాసులు చెప్పిస్తే కరువు తీరిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. గంగవాయిల కూర ఉంది. ఎవరూ నాటకపోయినా ప్రపంచమంతా పాకిన మొక్క, సిమెంటు పగుళ్లలో కూడా మొలుస్తుంది. పోషకాల్లో దానికి వంక పెట్టలేం. ఆకుకూరల్లో అరుదుగా కనిపించే ఒమేగా-3 కొవ్వు కూడా అందులో చెప్పుకోదగ్గంత ఉంది. వంద గ్రాములు తింటే దాదాపు 20 కేలరీలు వస్తాయి. పెద్ద మనిషికి రోజుకు 2,000 కేలరీలు కావాలనుకుంటే 10 కిలోలు తింటే సరిపోతుంది. నలుగురున్న ఇంటికి 40 కిలోలు. తెల్లారిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా వంగి ఏరాలి, వంగినందుకు ఖర్చయిన కేలరీల కోసం మరికాస్త వంగాలి. నిరుద్యోగ సమస్య కూడా ఇందులోనే తీరిపోవడం అదనపు లాభం. ఆ 10 కిలోలతో పాటు లోపలికి వెళ్లే, కిడ్నీల్లో రాళ్లు కట్టించే ఆక్సలేట్ల సంగతి ఆ కిడ్నీలే చూసుకుంటాయి.

ఆవు ఆకులు తినే బతుకుతోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఆవుకు నాలుగు గదుల పొట్ట ఉంది. గడ్డిలోని సెల్యులోజ్‌ను విరగ్గొట్టి పెట్టడానికి ఆ పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు జీతం లేకుండా పనిచేస్తున్నాయి. అన్నిటికీ మించి దానికి కూర్చుని నెమరేసుకునే తీరిక ఉంది. మనిషి ఒంట్లోని ఈ లోటును సరిదిద్దే బాధ్యత ఇంతవరకూ ఏ మంత్రిత్వ శాఖా తీసుకోలేదు.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు, రాజవంశంలో పుట్టినదే. చైనాలో మింగ్ వంశపు మొదటి చక్రవర్తి కొడుకు జూ సూ, కరువులో తినదగ్గ మొక్కల గురించి 1406లో ఒక పుస్తకం వెలువరించాడు. 414 మొక్కలు, వాటిని గుర్తుపట్టడానికి బొమ్మలు. ఆయన్ని వెక్కిరించడానికి నాకు మనసు రావడం లేదు, ఎందుకంటే మొక్కలను తన తోటలో పెంచి, దగ్గరుండి చూసి మరీ రాయించాడు. ఇప్పటి సలహాదారుల్లో అంత ఓపిక ఎవరికుంది? కానీ పుస్తకంలో మొక్క తర్వాత మొక్కకు వండే పద్ధతి దాదాపు ఒకటే: లేత ఆకులు కొయ్యాలి, ఉడికించాలి, నీళ్లలో నానబెట్టి చేదు పోయేదాకా కడగాలి, చివర్లో నూనె, ఉప్పు కలిపి తినాలి. కరువులో అన్ని నీళ్లు ఎక్కడివి, పొయ్యిలోకి పుల్లలు ఎక్కడివి, అసలు నూనె ఉన్నవాడు ఈ పుస్తకం ఎందుకు తెరుస్తాడు అని అడగడం మర్యాద కాదు. రాజుగారి వంటింట్లో నూనె ఏనాడూ అయిపోలేదు.

చేదు పోగొట్టడం అనేది మన సలహాదారులు ఒక్క ముక్కలో దాటేసే విషయం. అడవి తిండిలో చాలా భాగం తాళం వేసిన పెట్టెలాంటిది. ఓక్ కాయల్లో టానిన్లనే చేదు, వగరు పదార్థాలు ఉంటాయి, వాటిని పిండి చేసి నీళ్లు మార్చి మార్చి కడిగితే గానీ నోట పెట్టలేం. చేదు రకం కర్రపెండలంలో సైనైడ్‌ను పుట్టించే పదార్థాలుంటాయి, నానబెట్టో ఎండబెట్టో రోజుల తరబడి ఆగాలి. ఇది ఆ దుంపలు తినేవాళ్లందరికీ తరతరాలుగా తెలుసు. 1981లో మొజాంబిక్ ఉత్తర ప్రాంతంలో వానల్లేక మిగతా పంటలన్నీ మాడిపోయి ఆ చేదు దుంప ఒక్కటే నిలబడింది. ఎండే దాకా ఆగడానికి ఇళ్లలో వేరే తిండి లేదు. వెయ్యి మందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, కాళ్లు బిగుసుకుపోయి శాశ్వతంగా నడక పోగొట్టుకున్నారు లేదా కుంటివాళ్లయ్యారు. వాళ్లకు మొక్కల పాఠం రాక కాదు. పాఠం ప్రకారం రోజుల తరబడి ఆగమంటే కడుపు ఆగలేదు. ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు కాబట్టి ముందుకు పోదాం.

తెలియని మొక్క ఎదురైతే ఏం చేయాలి? దీనికి అమెరికా సైన్యం తన సర్వైవల్ మాన్యువల్‌లో చక్కని పరీక్ష రాసింది. మొదటి షరతు: పరీక్షకు ముందు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. మన అభ్యర్థులందరూ ఈ మెట్టు అవలీలగా దాటేస్తారు, కొందరికి డిస్టింక్షన్ కూడా వస్తుంది. తర్వాత మొక్కలోని ఒక్క భాగాన్నే తీసుకుని మోచేతి లోపలి వైపు పెట్టుకోవాలి. దురద రాకపోతే పెదవికి తాకించాలి. ఆ తర్వాత నాలుక మీద పావుగంట. ఆ తర్వాత నమిలి, మింగకుండా నోట్లో ఇంకో పావుగంట. అప్పుడు మింగి మళ్లీ ఎనిమిది గంటలు ఆగాలి. ప్రాణం బాగుంటే పావు కప్పు తిని ఇంకో ఎనిమిది గంటలు ఆగాలి. ఇంతా చేసి ఒక మొక్కలో ఒక భాగం పాసవుతుంది. ఆకు పాసైనంత మాత్రాన వేరు పాసైనట్టు కాదు. ఇంట్లో పిల్లలు అన్నం అడిగితే "నాలుక మీద ఉంది, ఇంకో పది నిమిషాలు" అని చెప్పుకోవచ్చు.

ఈ పరీక్ష పుట్టగొడుగులకు పనికిరాదు. డెత్ క్యాప్ అనే రకం రుచిగానే ఉంటుందని తిని బతికినవాళ్లు చెప్పారు. ఆరు గంటలకో పన్నెండు గంటలకో వాంతులు మొదలవుతాయి, తర్వాత తగ్గినట్టే అనిపిస్తుంది, ఈలోగా లివర్ పాడైపోతూ ఉంటుంది. ఆకలి రుచెరగదన్నారు పెద్దలు. విషం సంగతి కూడా దానికి పెద్దగా తెలియదు.

ఈ సలహా ప్రభుత్వాలకు ఎంత ఇష్టమో చెప్పడానికి ఫిన్లాండ్ చాలు. 1867లో అక్కడ వసంతం రాలేదు. చాలా చోట్ల జూన్ దాకా సరస్సుల మీద మంచు కరగలేదు, సెప్టెంబర్ మొదట్లోనే మళ్లీ గడ్డకట్టే చలి వచ్చి చేలన్నీ పోయాయి. పైన్ చెట్ల బెరడు రొట్టె అక్కడివాళ్లకు పాత చుట్టమే. దానికి తోడు నేల మీద పాచిలా పరుచుకునే లైకెన్‌ను పిండి కొట్టి రొట్టె చేసుకోమని పైనుంచి ప్రచారం సాగింది. ఆ కరువులో దేశ జనాభాలో సుమారు 8 శాతం మంది పోయారు. లైకెన్ మాత్రం క్షేమంగా ఉంది. ఓపిక పట్టి ఇంకో నూటనలభై ఏళ్లు ఆగితే, 2010లో ప్రపంచంలోనే నంబర్ వన్ అనిపించుకున్న కోపెన్‌హాగెన్‌లోని నోమా రెస్టారెంట్‌లో అలాంటి లైకెన్‌నే వేయించి, పైన పుట్టగొడుగుల పొడి చల్లి వడ్డించారు. నెలల ముందు టేబుల్ బుక్ చేసుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో రైతులు చచ్చింది తిండి లేక కాదు, చెఫ్ లేక.

ఐర్లండ్‌లో 1840లలో బంగాళదుంపకు తెగులు పట్టినప్పుడు జనం నెటిల్ ఆకు, అడవి ఆవ మొక్క, సముద్రపు నాచు ఏరుకు తిన్నారు. పది లక్షల మంది చచ్చిపోయారు. అదే రేవుల్లోంచి ధాన్యం ఓడలు బయటికి వెళ్తూనే ఉన్నాయి. ఓడల్లో ఉన్నది అడవి మొక్క కాదు కాబట్టి ఆ విషయం మన పరిధిలోకి రాదు.

ఏరుకుందామని నిజంగానే బయల్దేరేవారికి ఒక చిన్న హెచ్చరిక. ఆ నేల ఎవరిదో కనుక్కుని వెళ్లండి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో స్టీవ్ బ్రిల్ అనే ఆయన తినదగ్గ మొక్కలు చూపిస్తూ టూర్లు నడిపేవాడు. 1986లో మారువేషంలో ఉన్న పార్కు సిబ్బంది ఆయన టూర్‌లో చేరి, ఆయన డాండెలైన్ అనే కలుపు మొక్క ఆకు నోట్లో పెట్టుకోగానే అరెస్టు చేయించారు. పత్రికలు నవ్వాయి. చివరికి కేసు వదిలేసి, అదే పార్కుల శాఖ ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకుని అవే టూర్లు నడిపించింది. ఆకలేసిన ప్రతివాడినీ ఇలాగే మొదట అరెస్టు చేసి తర్వాత గైడ్‌గా నియమించవచ్చు, చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారన్నది చిన్న సమస్య.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. కరువు ప్రకటించిన వెంటనే గిడ్డంగుల తాళాలు ఎక్కడివక్కడ ఉంచి, ఆకలిగా ఉన్నవారందరికీ మొక్కల గుర్తింపు పరీక్ష పెట్టాలి. పాసైనవారికి సర్టిఫికెట్ ఇవ్వాలి. కాగితం కూడా మొక్క నుంచి వచ్చిందే కనుక నానబెట్టుకోవచ్చు. ఫెయిలైనవారు వచ్చే కరువులో మళ్లీ రాసుకోవచ్చు. అడవిలోకి వెళ్లడానికి అనుమతి, వంటచెరకుకు అనుమతి, నూనెకు దరఖాస్తు వేర్వేరు కౌంటర్లలో పెట్టాలి. అభ్యంతరాలున్నవారు ఎనిమిది గంటల్లోగా రాతపూర్వకంగా పంపాలి. అప్పటిదాకా ఏమీ తినకూడదు, నీళ్లు తాగవచ్చు.